యుద్ధనౌకల రక్షణకు లేసరు కిరణము : సాధ్యాసాధ్యములు

కిరణముతో శత్రునౌకను కాల్చవచ్చునను తలంపు నేటిది కాదు. క్రీస్తు పూర్వము 213-212 ప్రాంతమున రోమనులు సిరక్యూసు నగరమును సముద్రము వైపు నుండి ముట్టడించినప్పుడు ఆర్కిమిడీసు అద్దములతో సూర్యరశ్మిని కూడదీసి వారి ఓడలకు నిప్పంటించెనని ఒక కథ కలదు. ఆ ముట్టడిని వర్ణించిన తొలి చరిత్రకారుడగు పాలిబియసు అద్దముల మాటయే ఎత్తలేదు. అయినను కథ నిలిచినది, విద్వాంసులను ఆలోచింపజేసినది. 984 ప్రాంతమున బాగ్దాదులో ఇబ్ను సహ్లు కాల్చు అద్దములను, కటకములను గూర్చి గ్రంథము వ్రాయుచు కాంతి వక్రీభవన నియమమును రేఖాగణిత రూపమున ప్రయోగించెను. అనంతరము ఇబ్నుల్ హైసము పరావలయాకారపు అద్దము సూర్యకిరణములను ఒక్క బిందువున ఎట్లు చేర్చునో వివరించెను. కథగా నున్న కాల్చు కిరణమును లెక్కలోనికి దింపిన వారిలో వీరిద్దరు ముఖ్యులు.

2005 అక్టోబరులో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు ఈ కథను పరీక్షింపబూనిరి. ఒక్కొక్క అడుగు కొలత గల 127 అద్దములను నిలిపి, సుమారు 100 అడుగుల దూరమున నున్న కొయ్య ఓడ నమూనాపైకి ఎండను మరల్చిరి. మబ్బు తొలగిన తరువాత పది నిమిషములలోపల కొయ్య అంటుకొన్నది. కాని ఆ ఓడ కదలలేదు. ఆకాశము నిర్మలముగా నుండెను. కాల్చువారికి తొందరయు లేదు. శత్రువు ఈ మూడు సౌకర్యములను ఒకేసారి సమకూర్చునా? నేటి లేసరు ఆయుధమునకును ఈ ప్రశ్నయే మూలప్రశ్న.

తెలుగు బోధించు మేము ఈ విషయమును చేపట్టుటకు కారణమున్నది. కిరణాయుధమును గూర్చిన వార్త వెలువడినప్పుడెల్ల పత్రికలలో పురాణములలోని ఆగ్నేయాస్త్రము, చలనచిత్రములలోని రంగుల మెఱుపు జ్ఞప్తికి తేబడుచున్నవి. ఆశ్చర్యము కలుగుట మంచిదే. కాని ఆశ్చర్యము వెంట లెక్క రావలెను. ఆ లెక్క మన విద్యార్థులు ఉన్నత పాఠశాలలోనే నేర్చిన ఉష్ణము, కాంతి, వేగము అను పాఠములతో వేయదగినదే. దానిని తెలుగున వేసి చూపుట ఈ వ్యాసోద్దేశము.

నౌకకు కలుగు అపాయము

ఒకప్పుడు పెద్ద యుద్ధనౌకకు భయము మఱియొక పెద్ద నౌక వలననే. 1967 అక్టోబరు 21న ఆ స్థితి మారినది. ఆనాడు ఈజిప్టు దేశపు చిన్న పడవలు ప్రయోగించిన స్టిక్సు క్షిపణులు ఇజ్రాయేలు విధ్వంసక నౌకయైన ఐలాతును ముంచివేసినవి. 1971 డిసెంబరు 4 రాత్రి మన నౌకాదళపు చిన్న క్షిపణి పడవలు అవే క్షిపణులతో కరాచీ చెంత ఖైబరు అను పాకిస్తాను నౌకను ముంచినవి. ఆ తేదీయే నేటికిని మన నౌకాదళ దినోత్సవము. 1982 మే 4న ఫాక్లండు యుద్ధమున ఎక్సోసెటు క్షిపణి తాకిన బ్రిటిషు నౌక షెఫీల్డులో 20 మంది మరణించిరి. 1987 మే 17న పారశీక సింధుశాఖలో రెండు ఎక్సోసెటులు తాకిన అమెరికా నౌక స్టార్కులో 37 మంది మరణించిరి. 2000 అక్టోబరు 12న ఏడెను రేవులో ప్రేలుడు పదార్థములు నింపిన ఒక చిన్న పడవ అమెరికా నౌక కోలు ప్రక్కకు వచ్చి ప్రేలగా 17 మంది నావికులు హతులైరి.

2023 చివరి నుండి ఎఱ్ఱసముద్రములో ఈ అపాయము మఱియొక రూపము ధరించినది. యెమెను దేశపు హౌతీ దళములు వర్తక నౌకలపైకిని యుద్ధనౌకలపైకిని క్షిపణులతోపాటు చౌకగా తయారగు డ్రోనులను, అనగా చోదకుడు లేని చిన్న విమానములను, పంపసాగెను. 2024 జనవరి 26న ఏడెను సింధుశాఖలో క్షిపణి తాకి మంటలు లేచిన మార్లిన్ లువాండా అను వర్తక నౌకకు మన నౌకాదళపు ‘విశాఖపట్నము’ అను విధ్వంసక నౌక అగ్నిమాపక బృందమును పంపినది. ఆ వర్తక నౌకలోని సిబ్బందిలో 22 మంది భారతీయులు. నౌకారక్షణ యనునది దూరదేశముల సంగతి కాదని దీనివలన తెలియుచున్నది.

ఇక్కడ ధనమునకు సంబంధించిన చిక్కు ఒకటి కలదు. డ్రోను వెల వేల డాలర్లలో నుండును. దానిని కూల్చుటకు అమెరికా నౌకలు వాడిన స్టాండర్డు-2 వంటి క్షిపణి వెల సుమారు 20 లక్షల డాలర్లు. అంతకంటె పెద్ద చిక్కు సంఖ్యకు సంబంధించినది. అమెరికా విధ్వంసక నౌకలో క్షిపణులుంచు నిలువు గొట్టములు 90 నుండి 96 వఱకు మాత్రమే యుండును. అవి ఖాళీయైనచో నౌక రేవునకు మరలి పోవలెను. శత్రువు నూఱు డ్రోనులు పంపి ఆ గొట్టములను ఖాళీ చేయించి, పిమ్మట అసలు క్షిపణిని పంపినచో గతి యేమి? విద్యుత్తు ఉన్నంతవఱకు తఱుగని ఆయుధము కావలెనను కోరిక ఇందుండి పుట్టినదే.

లేసరు స్వరూపము

సామాన్య దీపపు కాంతి అన్ని దిక్కులకు చెదరును. అందులోని తరంగములు సంతలోని జనము వలె ఎవరి త్రోవ వారిదిగా నుండును. లేసరు కాంతిలోని తరంగములు కవాతు చేయు సైనికుల వలె ఒకే అడుగుతో, ఒకే దిక్కునకు సాగును. అందుచేత ఆ కాంతిని బహుదూరము వఱకు సన్నని పుంజముగా పంపవచ్చును. ఉత్తేజితమైన పరమాణువును తగిన కాంతికణము తాకినప్పుడు అట్టిదే మఱియొక కాంతికణము వెలువడునని 1917లో ఐన్‌స్టీను సూచించెను. 1960 మే 16న థియోడరు మైమను కెంపు కడ్డీ నుండి తొలి లేసరు కిరణమును వెలువరించెను. 1964లో మహారాష్ట్రలోని బారామతిలో జన్మించిన కుమార్ పటేలు అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున బొగ్గుపులుసు వాయువుతో పనిచేయు లేసరును నిర్మించెను. లోహములను కోయగల శక్తి ఈ విధముగా లేసరునకు అలవడినది.

నేడు నౌకలపై నెక్కిన ఆయుధములలో ముఖ్యమైనది తంతు లేసరు. ఇటర్బియము అను మూలకము కలిపిన సన్నని గాజు తంతువులోనికి విద్యుత్తుతో పుట్టించిన కాంతిని నింపగా, ఆ తంతువు నుండి ఇంచుమించు ఒక మైక్రాను, అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు, తరంగదైర్ఘ్యము గల కిరణము వెలువడును. ఇది మన కంటికి కనబడదు, చెవికి వినబడదు. చలనచిత్రములలోని ఎఱ్ఱని, పచ్చని గీతలు దీనికి లేవు. ఇది తాకుట తోడనే వస్తువు తునకలగుననుటయు సరికాదు. లేసరు కిరణము కాల్చునది. కాల్చుటకు కొంత సేపు పట్టును.

పూర్వ ప్రయత్నములు

అమెరికా నౌకాదళము ఈ దారిలో చిరకాలము నడచినది. 1980లో మిరాకిలు అను పేరుగల రసాయనిక లేసరు పనిచేయ నారంభించినది. డ్యుటీరియము, ఫ్లోరినుల సంయోగమున పుట్టిన శక్తితో అది మెగావాటు స్థాయి కిరణమునిచ్చెను. 1989లో న్యూ మెక్సికోలోని వైట్ సాండ్సు ప్రయోగక్షేత్రమున ధ్వనికంటె వేగముగా పోవు ఒక క్షిపణిని కూల్చెను. శక్తికి కొదువ లేదు. కాని దాని యంత్రసామగ్రి ఒక భవనమంత యుండెను. దాని యింధనములును, వెలువడు వాయువులును విషతుల్యములు. అట్టి దానిని మూడువందల మంది నివసించు నౌకలో నుంచుట ఎట్లు? గెలిచిన ప్రయోగము సయితము పనికిరాని ఆయుధము కావచ్చునని మిరాకిలు నేర్పిన పాఠము.

తరువాత దృష్టి విద్యుత్తుతో పనిచేయు లేసరులపైకి మరలినది. 2011 ఏప్రిలులో కాలిఫోర్నియా తీరమున 15 కిలోవాట్ల లేసరు నౌక నుండి వెలువడి ఒక చిన్న పడవ యంత్రమునకు నిప్పంటించెను. 2014లో 30 కిలోవాట్ల శ్రేణికి చెందిన లేసరును పోన్సు అను నౌకపై నెక్కించి పారశీక సింధుశాఖకు పంపిరి. కర్మాగారములలో లోహములను అతుకుటకు వాడు ఆరు తంతు లేసరుల కిరణములను ఒకచోట చేర్చి దానిని నిర్మించిరి. 2020 మే 16న, అనగా తొలి లేసరు వెలిగిన నాటికి సరిగా అఱువది యేండ్లకు, పోర్ట్‌లండు అను నౌక 150 కిలోవాట్ల శ్రేణి కిరణముతో పసిఫిక్కు సముద్రముపై ఒక డ్రోనును నిరర్థకము చేసెను. 2022 ఆగస్టు నుండి జర్మనీ తన సాక్సన్ అను నౌకపై 20 కిలోవాట్ల లేసరును బాల్టిక్కు సముద్రమున సుమారు ఒక యేడాది పరీక్షించెను. 2024 జనవరిలో బ్రిటను తన డ్రాగన్‌ఫయరు లేసరు ఎగురు లక్ష్యములను కాల్చినట్లు ప్రకటించెను. 60 కిలోవాట్లకు మించిన హీలియోసు అను లేసరు అమెరికా నౌక ప్రెబులు నుండి ఒక డ్రోనుపై ప్రయోగింపబడినట్లు 2025 ఆరంభమున వెల్లడియైన ప్రభుత్వ నివేదిక తెలుపుచున్నది.

పై వరుసలో కూలినవి ఏవో గమనింపవలెను: డ్రోనులు, చిన్న పడవలు. నౌకపై నిలిచిన లేసరు నిజమైన యుద్ధమున వేగవంతమగు నౌకావిధ్వంసక క్షిపణిని కూల్చిన దృష్టాంతము ఇందు లేదు. ఇందునకు కారణము లెక్కలో నున్నది.

క్షణముల లెక్క

నౌకపై 20 మీటర్ల ఎత్తున నొక రాడారు కలదనుకొందము. క్షిపణి నీటికి 5 మీటర్ల ఎత్తున, అలలను రాసికొనుచున్నట్లు వచ్చుచున్నది. భూమి గుండ్రముగా నున్నందున సుమారు 24 కిలోమీటర్ల దూరమునకు వచ్చువఱకు అది కనబడదు. దాని వేగము క్షణమునకు 300 మీటర్లైనచో నౌకకు చిక్కు కాలము 80 క్షణములు. ఇచ్చట క్షణమనగా సెకను అని మా భావము. వేగము క్షణమునకు వెయ్యి మీటర్లైనచో కాలము 24 క్షణములే. ఇందులో కొంత గుర్తించుటకు, కొంత నిర్ణయించుటకు పోవును. లేసరు బాగుగా పనిచేయు దూరము కొన్ని కిలోమీటర్లే. ఐదు కిలోమీటర్లనుకొన్నచో మొదటి క్షిపణికి దాదాపు 17 క్షణములు, రెండవ దానికి 5 క్షణములు మాత్రమే మిగులును.

ఇప్పుడు కాల్చుటకు పట్టు కాలమును చూతము. లక్ష్యపు పైపొర 2 మిల్లీమీటర్ల మందము గల అల్యూమినియము రేకు అనుకొందము. దానిపై 10 సెంటీమీటర్ల వ్యాసము గల చోటును కరగింపవలెను. ఆ చోట నున్న లోహము బరువు సుమారు 42 గ్రాములు. అల్యూమినియమును మామూలు ఉష్ణోగ్రత నుండి 660 డిగ్రీలకు తెచ్చి పూర్తిగా కరగించుటకు గ్రామునకు ఇంచుమించు 1000 జౌళ్ళు కావలెను. కావున మొత్తము 42 వేల జౌళ్ళు. 30 కిలోవాట్ల కిరణములో సగము దారిలోని గాలిలో పోయి సగము చేరినదనియు, చేరిన దానిలో ఐదవ వంతును మాత్రమే లోహము గ్రహించి తక్కినది వెనుకకు త్రిప్పికొట్టినదనియు లెక్క కొఱకు అనుకొందము. అప్పుడు రేకునకు అందునది క్షణమునకు 3 వేల జౌళ్ళు; పట్టు కాలము 14 క్షణములు. ఆ వ్యవధిలో మొదటి క్షిపణి 4200 మీటర్లు దాటి నౌక ముంగిటికి వచ్చును. రెండవది అంతకుముందే తాకి యుండును. 300 కిలోవాట్ల కిరణమైనచో ఇదే పని ఒకటిన్నర క్షణములోపల ముగియును.

ఈ లెక్క మిక్కిలి సరళమైనది. ఉష్ణము ప్రక్కలకు ప్రాకుటను, గాలి చల్లార్చుటను మేము విడిచితిమి. లోహము పూర్తిగా కరగకమునుపే దాని బలము తగ్గి విఱుగవచ్చును. రంగు వేసిన లోహము ఎక్కువ వేడిని గ్రహింపవచ్చును. ఇవియన్నియు కాలమును హెచ్చింపవచ్చును, తగ్గింపవచ్చును. కాని విషయము స్పష్టము. డ్రోను సంగతి వేఱు. అది క్షణమునకు 50 మీటర్ల వేగముతో వచ్చినచో ఐదు కిలోమీటర్లు దాటుటకు 100 క్షణములు పట్టును. దాని మేను తఱచుగా పలుచని ప్లాస్టిక్కు, నార మిశ్రమము. కొన్ని క్షణములలో రెక్క మాడును. అంతకుముందే దాని కెమేరా కన్ను చెడును. ఒకే కిరణము ఒక లక్ష్యమునకు వెంబడి ఇంకొక లక్ష్యమును ఎదుర్కొనుటకు అవకాశము చిక్కును.

క్షిపణి విషయమున మఱి రెండు చిక్కులు కలవు. అది నౌకకు ఎదురుగా వచ్చునప్పుడు కిరణమునకు కనబడునది దాని ముక్కు మాత్రమే. వేగము వలన పుట్టు వేడికి ఓర్చునట్లు ఆ భాగము నిర్మింపబడి యుండును. రెండవది, క్షిపణిని చివరి కిలోమీటరులో చెఱచినను దాని తునకలు అదే వేగముతో ముందుకు వచ్చి నౌకను తాకగలవు. కనుక చెఱచుట చాలదు, దూరముననే చెఱపవలెను.

గుఱి నిలుపుటయు చిన్న పని కాదు. ఐదు కిలోమీటర్ల దూరమున 10 సెంటీమీటర్ల చోటుపై కిరణమును కదలకుండ నుంచుట యనగా, ఒక కిలోమీటరునకు మించిన దూరము నుండి రూపాయి బిళ్ళపై చూపును నిలుపుటతో సమానము. ఆ చూపు నిలుపువాడు అలలపై ఊగుచుండును, బిళ్ళయు ఎగురుచుండును. ఇట్టి గుఱిని నేటి యంత్రములు సాధించుచున్నవనుట నిజముగా గొప్ప విషయము.

సముద్రపు గాలి

ప్రయోగశాలలో కిరణమునకు శత్రువు లేడు. సముద్రముపై గాలియే మొదటి శత్రువు. నీటియావిరి కిరణములో కొంత భాగమును మ్రింగును. అలల నుండి లేచిన ఉప్పు తుంపరలు కొంత చెదరగొట్టును. ఎండవేళ తారుబాట మీది గాలి అలలాడినట్లు సముద్రముపై గాలి కదలి కిరణమును వణికించును. ఈ వణకును కొలిచి, క్షణమునకు అనేక పర్యాయములు తన రూపమును సవరించుకొను అద్దములు కలవు. అవి కొంతవఱకు మేలు చేయును.

నాలుగవ చిక్కు కిరణము తనకు తాను తెచ్చుకొనునది. బలమైన కిరణము తాను పోవు గాలిని వేడిచేయును. వేడెక్కిన గాలి కటకము వలె మారి కిరణమును వెడల్పు చేయును. క్షిపణి నేరుగా నౌకవైపు వచ్చునప్పుడు కిరణము ఒకే గాలిదారిలో నిలిచి యుండును గనుక ఈ బాధ అప్పుడే హెచ్చు. కావున శక్తిని రెట్టింపు చేసినచో ఫలితము రెట్టింపగునని తలంపరాదు.

ఇక వాన, మంచు, దట్టమైన మేఘము. విశాఖపట్నమున తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరము కలదు. బంగాళాఖాతపు తేమయు, ఋతుపవనముల వానలును, తుపానులును మన తీరవాసులకు క్రొత్తవి కావు. అట్టి వాతావరణములో లేసరు కన్ను మూతపడును. చిన్న డ్రోనును గాలివాన ఆపవచ్చును. కాని రాడారుతో దారి చూచుకొను క్షిపణి వానలోనుండియు రాగలదు. ఏ వేళ నౌకకు అపాయము పోదో ఆ వేళనే కిరణము పనిచేయకపోవచ్చును. దీనిని మఱచి లెక్క వేసినచో ఆ లెక్కకు మూల్యము చెల్లించువారు నావికులు.

నీటి లోపలి అపాయమునకు కిరణము అసలు మందు కాదు. ఈ కాంతి నీటిలో దూరము పోజాలదు. 1971 డిసెంబరు 9న దీవు సమీపమున జలాంతర్గామి విడిచిన టార్పెడో తాకి మన నౌక ఖుక్రి మునిగినప్పుడు 18 మంది అధికారులు, 176 మంది నావికులు అమరులైరి. అట్టి దెబ్బ నుండి ఎంతటి లేసరును కాపాడలేదు.

విద్యుత్తు, వేడి, వెల

తంతు లేసరు పుచ్చుకొను విద్యుత్తులో ఇంచుమించు మూడవ వంతు కిరణముగా మారుననుకొందము. అప్పుడు 150 కిలోవాట్ల కిరణమునకు 450 కిలోవాట్ల విద్యుత్తు కావలెను. మిగిలిన 300 కిలోవాట్లు ఏమైనవి? నౌకలోనే వేడిగా మిగిలినవి. ఆ వేడి క్షణమునకు ఒక లీటరు నీటిని మామూలు వేడిమి నుండి మరుగు స్థితికి తేగలదు. ఆ వేడిని ఎప్పటికప్పుడు తోడి బయటికి పంపనిచో గాజు తంతువులును, అద్దములును చెడును. కనుక లేసరునకు చల్లార్చు యంత్రములు, వాటికి చోటు, వాటికి మఱి కొంత విద్యుత్తు కావలెను. రాడారులకు, యంత్రములకు సరిపడు విద్యుత్తుతో పూర్వము నిర్మించిన నౌకలలో వందల కిలోవాట్లను అదనముగా చూపుట సులభము కాదు. క్రొత్త నౌకను గీయునప్పుడే ఈ చోటును, ఈ శక్తిని కేటాయించుట వివేకము.

వెల విషయమున అమెరికా నౌకాదళము పోన్సు లేసరు ఒక్క ప్రయోగమునకు ఒక డాలరు కంటె తక్కువ ఖర్చగుననియు, బ్రిటిషు ప్రభుత్వము డ్రాగన్‌ఫయరునకు 10 పౌండ్ల కంటె తక్కువయనియు ప్రకటించినవి. ఈ అంకెలు అబద్ధములు కావు. కాని ఇవి ఒక్కొక్క ప్రయోగమునకు పట్టు ఖర్చు మాత్రమే. బావిలో నీరు ఉచితమని చెప్పువాడు బావి త్రవ్వకపు కూలిని కూడ చెప్పవలెను. పరిశోధన, యంత్రము, దానిని కాపాడు నిపుణుల జీతము లెక్కలో చేర్చవలెను. అట్లు చేర్చినను, వచ్చు డ్రోనుల సంఖ్య హెచ్చినకొలది లేసరు లాభసాటి యగుననుటలో సందేహము లేదు.

మన దేశమున కృషి

ఈ విద్య మనకు దూరమైనది కాదు. రక్షణ పరిశోధనాభివృద్ధి సంస్థకు చెందిన అధికశక్తి వ్యవస్థల, విజ్ఞానముల కేంద్రము హైదరాబాదులో నున్నది. ఆ కేంద్రము ఇతర పరిశోధనాలయముల, విద్యాసంస్థల, పరిశ్రమల తోడ్పాటుతో నిర్మించిన లేసరు ఆయుధము 2025 ఏప్రిలు 13న కర్నూలు సమీపమున నున్న జాతీయ బహిరంగ ప్రయోగక్షేత్రమున పరీక్షింపబడెను. 30 కిలోవాట్ల శ్రేణికి చెందిన ఆ కిరణము స్థిరమైన రెక్కలు గల డ్రోనును, గుంపుగా వచ్చిన చిన్న డ్రోనులను చెఱచెను. నిఘా కెమేరాలను పనిచేయకుండ చేసెను. కొన్ని దేశములకు మాత్రమే చేతనైన పని ఇది. అయితే ఆ లేసరు నేలపై వాహనమున నిలిచినది. అలలపై ఊగు నౌక, ఉప్పుగాలి, తేమ అను పరీక్షలు వేఱు. కర్నూలు విజయమును విజయముగనే మెచ్చుకొందము. దానిని అప్పుడే సముద్ర విజయముగా చాటకుందము.

ధర్మమర్యాద

ఆయుధమును గూర్చి వ్రాయునప్పుడు అది చేయరాని పనిని కూడ చెప్పవలెను. మనుష్యుల కన్నులను శాశ్వతముగా గ్రుడ్డివి చేయుటకై నిర్మించిన లేసరు ఆయుధములను 1995లో వియన్నాలో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక నిషేధించినది. 1998 జులై 30 నుండి అది అమలులో నున్నది. మన దేశమును అందులో చేరినది. డ్రోను కెమేరాను చెఱచుట వేఱు. మనుష్యుని చూపును హరించుట వేఱు. గుఱి తప్పిన తుపాకిగుండు ఎచ్చటనో పడి ఆగును. గుఱి తప్పిన కిరణము అంతకంటె బహుదూరము పోయి, ఇతర విమానములకును, ఆకాశముననున్న ఉపగ్రహములకును హాని చేయవచ్చును. కనుక ప్రయోగించుటకు ముందు ఆ దారిలో ఎవరున్నారో చూచుట ప్రయోగించువాని బాధ్యత.

ఉపసంహారము

పై చర్చ వలన మేము చేరిన అభిప్రాయమిది. డ్రోనులు, చిన్న పడవలు, నిఘా కన్నులు వీనిపై లేసరు నేటికే ఆచరణయోగ్యము. ధ్వనికంటె తక్కువ వేగముగల క్షిపణిపై అది వందల కిలోవాట్ల శక్తి చేకూరినప్పుడు, ఆకాశము అనుకూలించినప్పుడు సహాయకారి కాగలదు. ధ్వనికి మూడు రెట్ల వేగముతో వచ్చు దానిపై నేడు దానిని నమ్మి కూర్చుండుట ప్రమాదము. వానలోను, నీటి లోపలను అది అక్కరకు రాదు. కావున నౌక తన క్షిపణులను, వేగముగా కాల్చు ఫిరంగులను, శత్రు రాడారును భ్రమింపజేయు సాధనములను విడువరాదు. లేసరు వానికి తోడు కావలెను, బదులు కారాదు. చౌకగా వచ్చు అపాయమును చౌకగా తొలగించి, విలువైన క్షిపణులను గట్టి శత్రువు కొఱకు మిగుల్చుటయే దాని నిజమైన పని.

విద్యార్థులకు మా మనవి యొకటి. ఉర్దూలో కిరణమును ‘షుఆ’ అందుము. ఏ భాషలో పిలిచినను దాని వేగము మారదు. లోహము కరగుటకు కావలసిన జౌళ్ళు మారవు. ఇకముందు కిరణాయుధమును గూర్చిన వార్త ఏ పత్రికలో చదివినను నాలుగు ప్రశ్నలు వేయుడు: శక్తి యెన్ని కిలోవాట్లు? దూరమెంత? లక్ష్యముపై నిలిచినది ఎన్ని క్షణములు? ఆనాటి ఆకాశమెట్లున్నది? ఈ నాలుగింటికి జవాబు చెప్పిన వార్త శాస్త్రము. చెప్పనిది ప్రకటన మాత్రమే. ఈ ప్రశ్నలు అడుగగల యువకులు మన కళాశాల నుండి ఒకరిద్దరైనను హైదరాబాదు పరిశోధనాలయములలో అడుగిడినచో, ఏనాడో ఒకనాడు ఒక నౌకలోని నావికులు క్షేమముగా రేవు చేరుటకు వారు కారకులగుదురు.